మొదటి వరుసలో నా పేరు

నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక పరిశోధన ప్రాజెక్టు కాగితం మీద, మొదటి వరుసలో నా పేరు పడింది ఒకే ఒక్కసారి. ఆ ప్రాజెక్టు చచ్చింది ఆ వరుస వల్లే. చంపింది ఏ ప్రభుత్వమో, ఏ అధికారో అని చెప్పుకుంటే నాకూ సుఖంగానే ఉండేది. రిటైరైన వాళ్లం నలుగురం కలిస్తే చెప్పుకునేవన్నీ అలాంటి కథలే. ఇది మాత్రం నేను స్వయంగా చేసిన పని. కొత్తగా కాలేజీల్లో చేరుతున్న మీకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఏదో నేర్చుకుంటారని కాదు. మీ పక్క గదిలో నాలాంటివాడు ఒకడు ఫ్యాను కింద కూర్చుని ఉంటాడు, వాడిని మీరు గుర్తుపడితే చాలు.

గోదావరికి అవతల, మరాఠీ రాష్ట్రం అంచున ఉన్న సిరోంచలో ఒక కాలేజీలో నేను వృక్షశాస్త్రం చెప్పాను. మాది ఊళ్లో వ్యాపారం చేసే ఇల్లు. బజారులో మా కిరాణా దుకాణం బోర్డు మీద ఇప్పటికీ మా తాత పేరే ఉంది. ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది. కరెంటు మీటరు ఆయన పేరు మీదే నడుస్తోంది. మా ఇళ్లలో పెళ్లి కార్డు అచ్చు వేస్తే అందరికంటే పెద్దాయన పేరు పైన ఉంటుంది, చెప్పులరిగేలా తిరిగి పెళ్లి చేసేవాడి పేరు కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దీన్ని తప్పని ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

కాలేజీలోనూ అదే తీరు. నేను కొత్తగా చేరిన రోజుల్లో రెండు వ్యాసాలు రాశాను. రెండింటి మీదా మొదట మా విభాగాధిపతి పేరు, తర్వాత నాది. అందులో ఒకదాన్ని ఆయన చదవను కూడా చదవలేదు. అచ్చయి వచ్చాక నాకు చాయ్ తాగించి, వీపు తట్టాడు. అప్పుడు నేను పొంగిపోయాను. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్లు మండుతుంది, కానీ ఆ మంట రావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో నేనే విభాగాధిపతినయ్యాను.

ప్రాజెక్టు కోసం నేను కూడా వయసులో ఉన్నప్పుడు, విభాగాధిపతి పేరు పైన పెట్టి, రెండుసార్లు అర్జీ పెట్టాను. రెండుసార్లూ తిరిగొచ్చింది. తర్వాత మానేశాను. మానేసినవాడికి మన కాలేజీల్లో ఒక పదవి ఇస్తారు. నాకూ ఇచ్చారు. కాలేజీ పరిశోధన కమిటీకి సమన్వయకర్తను. అంటే ఇతరుల అర్జీలు చూసి, సంతకం పెట్టి, ప్రిన్సిపల్ గారి ముద్ర వేయించి పైకి పంపేవాడిని. ఆ కుర్చీలో పన్నెండేళ్లు కూర్చున్నాను.

ఇంకో అయిదేళ్లలో రిటైర్ అవుతాననగా మా విభాగానికి ఒక అమ్మాయి అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా వచ్చింది. అంకిసలో వరి పండించే ఇంటి పిల్ల. మా దగ్గరే బీఎస్సీ చదివింది. రోజూ అంకిస నుంచి బస్సులో వచ్చి, ముందు బెంచీలో కూర్చుని, నేను బోర్డు మీద తప్పు రాస్తే గంట కొట్టేదాకా ఆగి, అందరూ వెళ్లాక దగ్గరికొచ్చి మెల్లగా చెప్పేది. తర్వాత నాగపూర్‌లో పీహెచ్‌డీ చేసి, పరీక్ష రాసి, ఎంపికై వచ్చింది. నేను చదువు చెప్పిన పిల్ల నా పక్క కుర్చీలో కూర్చుంటే నాకు నిజంగానే గర్వంగా ఉండేది. ఊళ్లో అందరికీ చెప్పుకున్నాను.

ఆమె తండ్రికి అంకిస దగ్గర గోదావరి వైపు పల్లపు భూమి అర ఎకరం ఉంది. వానాకాలం నది నిండితే నీళ్లు ఆ చేలలోకి ఎగదన్ని పది, పన్నెండు రోజులు కదలకుండా నిలుస్తాయి. చుట్టుపక్కల పైరంతా కుళ్లిపోతుంది. ఈయన అర ఎకరం మాత్రం నీళ్లు తీశాక మళ్లీ తల ఎత్తుతుంది. అందులో వేసేది వాళ్ల ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న పాత విత్తనం. ముంపు వడ్లు అంటారు. ఎత్తుగా పెరుగుతుంది, బియ్యం ఎర్రగా ఉంటుంది, దిగుబడి తక్కువ. ఊళ్లో మిగతా అందరూ ఎప్పుడో వదిలేశారు. ఆయన ఒక్కడే, ఎందుకో, వేపాకు వేసి కుండలో దాచి ఏటా విత్తుకుంటూ వచ్చాడు.

ఆమె అడిగిన ప్రశ్న చాలా సాదా. ఈ వడ్లు ఎన్ని రోజుల నీళ్లు తట్టుకుంటాయి, ఎంత లోతు తట్టుకుంటాయి, ఏ చేనులో వేస్తే లాభం, ఏ చేనులో వేస్తే నష్టం? ఇది తేలితే నది ఒడ్డు రైతులకు మునిగే చేలలో వేయడానికి ఒక విత్తనం దొరుకుతుంది. తేలాలంటే ఒకే వానాకాలంలో ఐదారు చేలలో పక్కపక్కన ముంపు వడ్లూ, మార్కెట్ విత్తనమూ వేసి, నీళ్లు వచ్చిన రోజు నుంచి కొలవాలి. పల్లపు భూములున్న ఐదుగురు రైతులను ఆమె, తండ్రి చేత కూడా చెప్పించి, ఒప్పించింది. దిగుబడి తగ్గితే ఆ నష్టం ప్రాజెక్టు కట్టిస్తుందన్న షరతు మీద వాళ్లు ఒప్పుకున్నారు. అందుకే ఆమెకు ఆ నిధులు కావాల్సి వచ్చాయి. పేరు కోసం కాదు.

కొత్తగా చేరిన అధ్యాపకుల కోసమే యూనివర్సిటీ వాళ్లు ఒక పథకం పెట్టారు. ఉద్యోగంలో చేరి మూడేళ్లు దాటని వాళ్లే ముఖ్య పరిశోధకులుగా ఉండాలి. పెద్దవాళ్లు అడ్డం పడి అన్నీ తామే తినేస్తున్నారని, కనీసం ఇదొక్కటి పిల్లలకు వదలాలని ఎవరో మంచి మనిషి ఆలోచించి పెట్టిన నియమం. మొదటి ఏడాది ఆమెకు కొత్త ఉద్యోగంతో సరిపోయింది. రెండో ఏడాది తండ్రి చేను చూసి, ఊరంతా తిరిగి సమాచారం సేకరించింది. మూడో ఏడాది అర్జీ రాసింది. ఆమెకు ఉన్నది ఆ ఒక్క అవకాశమే.

ఆ అర్జీ తయారైన రోజు నా గదికి వచ్చింది. కాగితాలు నా ముందు పెట్టింది. నేను రెండు గంటలు చదివాను. అంత మంచి అర్జీ నా బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు. ఆ మాట ఆమెతో అన్నాను కూడా. మొదటి పేజీలో ముఖ్య పరిశోధకుల వివరాలు రాసే చోటు మాత్రం ఖాళీగా వదిలింది.

"సార్, మీ పేరు ఏడ పెట్టాలె?" అని అడిగింది.

ఈ ప్రశ్న మీకు అర్థం కావాలి. మా వైపు బంతి భోజనాలకు ముందు పెద్దవాళ్లను అడుగుతారు, మొదటి వరుసలో కూర్చోండి అని. పిల్లలు ఆకలితో ఉంటే పెద్దవాళ్లు, పర్వాలేదు, ముందు పిల్లలను కూర్చోబెట్టండి, అంటారు. అడగడం చిన్నవాళ్ల మర్యాద, వద్దనడం పెద్దవాళ్ల పని. అడిగారు కదా అని వెళ్లి కూర్చునేవాడిని మా ఊళ్లో ఏమంటారో ఇక్కడ రాయలేను. ఆమె తన మర్యాద తాను చేసింది. నేను వెళ్లి కూర్చున్నాను.

"పైన పెట్టు బిడ్డా. కొత్తపేరు చూస్తే వాళ్లు పట్టించుకోరు. పెద్ద పేరుంటే జర వజన్ ఉంటది," అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా వంక చూసింది. "అట్లనే సార్," అంది. పెన్ను తీసి, గుండ్రని అక్షరాలతో నా పేరు మొదట రాసింది, తన పేరు కింద రాసింది. నేను చూస్తూ కూర్చున్నాను.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఆమె మేలు కోసమే అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. సగం నమ్మాను కూడా. కానీ ఆ కాగితం మీద నా పేరు చూసుకున్నప్పుడు నా లోపల ఏదో చల్లబడింది. ముప్పై ఏళ్లుగా రానిది వచ్చింది. పని ఎవరిదైతేనేం, పేరు నాది.

మా ఆఫీసులో ఒక హెడ్ క్లర్క్ ఉండేవాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. పెదవి కదపకుండా మనిషిని కోసేవాడు. అర్జీని ముద్రల కోసం ఆయన దగ్గరికి పంపితే, అరగంటలో పట్టుకుని నా గదికి వచ్చాడు.

"సార్, ఈడ పుట్టిన తారీఖు రాసే డబ్బా ఉన్నది. ఏం రాయమంటరు?"

"ఉన్నదే రాయి. అందులో అడిగేదేముంది?"

"ఉన్నది రాస్తే యాభై ఏడు ఏండ్లు ఎల్తయి సార్. ఉద్యోగంల చేరిన తారీఖు కూడ అడుగుతున్నడు. మీరు చేరినప్పుడు ఈ మేడం ఇంక బడికి కూడ పోలే."

"నియమాలు నాకు నేర్పుతున్నవా?"

"నేనెందుకు నేర్పుత సార్? కొత్తోళ్లకు అని పైన పెద్దక్షరాలతోని రాసిన్రు, కనవడ్డది, చెప్పిన. మేడం పేరు పైకి తెచ్చి మీ పేరు సలహాదారు దగ్గర పెడ్తే సాఫ్‌గ ఉంటది. కొత్త పేజీ నేనే టైప్ చేస్త, పది నిమిషాల పని."

పది నిమిషాల పని. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. నేను ముఖం మాడ్చుకుని, "వరుసదేముంది? వాళ్లు చూసేది లోపలి పనిని. నువ్వు ప్రిన్సిపల్ గారి సహీ, ముద్ర తీసుకుని పంపు," అన్నాను. ఆయన కాగితాలు తీసుకెళ్లాడు. ముద్ర వేయించి, రిజిస్టర్‌లో రాసి, పంపాడు. నేను పెద్దవాడిని కదా, పెద్దవాడి మాట దాటకూడదు.

ఎండలు ముదిరాక చంద్రపూర్‌లో పరిశీలన సభకు పిలుపు వచ్చింది. ఒక కాలేజీ హాల్లో పెట్టారు. ముఖ్య పరిశోధకులూ, సహ పరిశోధకులూ ఇద్దరూ రావాలని రాశారు. తెల్లవారగానే సిరోంచ నుంచి బస్సు ఎక్కాం. మా రోడ్డు సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. అల్లాపల్లి దాటేదాకా ఆమె ఒడిలో కాగితాల సంచీ ఎగిరిపడకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. అందులో ఒక గాజు సీసా కూడా ఉంది, ముంపు వడ్లతో. కమిటీ వాళ్లకు చూపించడానికి తండ్రి ఇచ్చి పంపాడు.

ఆయన బస్టాండుకు వచ్చాడు ఆ రోజు. అంకిస నుంచి చీకటితోనే బండి మీద దిగబెట్టడానికి. పంచె మోకాళ్ల పైకి కట్టుకుని, నాకు రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

"మీ పేరున్నదట గద సార్ పైన. ఇగ నాకు ఫికర్ లేదు," అన్నాడు. "ఆ ఐదుగురిని కూడ నేనే ఒప్పిచ్చిన. సార్ ఉన్నడు, అయితది అని చెప్పిన."

నేను నవ్వి, "అయితది, అయితది," అన్నాను.

సభ మధ్యాహ్నం మొదలైంది. బల్లకు అటువైపు ముగ్గురు. మధ్యలో అధ్యక్షుడు, నాకంటే పదేళ్లు చిన్నవాడు, మాట మెత్తగా ఉండే మనిషి. మా వెనక కుర్చీల్లో తమ వంతు కోసం ఎదురుచూసే వేరే కాలేజీల వాళ్లు ఒక పాతికమంది. వాళ్లలో సగం నాలాంటి విభాగాధిపతులు. అందరికీ నేను తెలుసు, నాకు అందరూ తెలుసు.

ఆమె మరాఠీలో మాట్లాడింది. పావుగంట ఇచ్చారు. పన్నెండు నిమిషాల్లో ముగించింది. సీసాలోంచి వడ్లు అరచేతిలో పోసి చూపించింది. ఏ చేను ఎంత పల్లమో, నీళ్లు ఎటునుంచి ఎగదన్నుతాయో బోర్డు మీద గీసింది. బల్ల అటువైపు ఉన్న ముగ్గురూ ముందుకు వంగి వింటున్నారు. ఒకాయన రెండు గింజలు తీసుకుని పంటికింద వేసుకున్నాడు. ఇలాంటి సభలు నేను చాలా చూశాను. ఎప్పుడు పని అయిపోయిందో తెలుస్తుంది. ఆ రోజు పని అయిపోయింది.

అప్పుడు అధ్యక్షుడు కాగితాలు వెనక్కి తిప్పి మొదటి పేజీ తీశాడు. కాసేపు చూశాడు. నా వంక చూశాడు.

"సార్, ఈ పని ఎవరిది?" అని మరాఠీలో అడిగాడు.

నేను ముందున్న కాగితాలు సర్దుకున్నాను. ఆమె నా వంక చూడలేదు. బల్ల మీద పడ్డ గింజలు ఒక్కొక్కటే ఏరి సీసాలో వేస్తూ కూర్చుంది.

ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. ఆయన మర్యాద గురించి నేను ఇప్పుడు కూడా ఏమీ అనలేను. "ముఖ్య పరిశోధకులుగా మీ పేరు ఉంటే ఇది ఈ పథకం కిందికే రాదు. కానీ పని బాగుంది. మాకు వదులుకోవాలని లేదు. పేరు పొరపాటున పైన పడిందని, ఈ పని మేడం గారిదని, మీరు రెండు వాక్యాలు రాసి సంతకం చేయండి. సాయంత్రం అయిదు వరకూ ఇక్కడే ఉంటాం. దాన్ని జత చేసి ఇప్పుడే తీసుకుంటాం." అంటూ ఒక తెల్ల కాగితం నా వైపు జరిపాడు. దాని మీద తన పెన్ను కూడా పెట్టాడు.

చూశారా, ఎంత సులువు చేశాడో. నేను చేయవలసిందల్లా రెండు వాక్యాలు.

వెనక కుర్చీల్లో ఎవరో చిన్నగా దగ్గారు. ఎవరో ఏదో గొణిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. పొరపాటున పడిందని రాస్తే ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడికి ఫారం నింపడం రాదనుకుంటారు. ఈ పని ఆమెదని రాస్తే మరి నువ్వెందుకు పైన కూర్చున్నావంటారు. ఏది రాసినా రేపటికి జిల్లా అంతా చెప్పుకుంటారు. ఆ నిమిషంలో నా బుర్రలో ఉన్నది ఇంతే. ముంపు వడ్లు లేవు, ఐదుగురు రైతులు లేరు, పొద్దున బస్టాండులో దండం పెట్టిన మనిషి లేడు. నా పరువు ఒక్కటే ఉంది.

"పొరపాటు ఏమీ లేదు," అన్నాను. "ఇది మా విభాగంలో నా ఆధ్వర్యంలో జరుగుతున్న పని. నియమం అడ్డం వస్తోందంటే వచ్చే ఏడాది సరిచేసి పంపుతాం."

అధ్యక్షుడు ఆమె వైపు తిరిగాడు. "మీరేమంటారు, మేడం?"

ఆమె సీసా మూత బిగించింది. "సార్ చెప్పిందే," అంది మరాఠీలో.

ఆయన కాగితం వెనక్కి తీసుకున్నాడు, పెన్ను మూత పెట్టాడు, తర్వాతి పేరు పిలిచారు. మొత్తం మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ రోజు నేను చంద్రపూర్‌లో మా చుట్టాల ఇంట్లో ఉన్నాను, ఆమె స్నేహితురాలి ఇంటికి వెళ్లింది. మర్నాడు పొద్దున తిరుగు బస్సులో కలిశాం. ఆష్టిలో బస్సు కాసేపు ఆపారు. హోటల్ ముందు నిలబడి చాయ్ తాగుతున్నాం. నేనే ఆగలేక, "వచ్చే ఏడు గట్టిగ పంపుదాం బిడ్డా. పరేషాన్ కాకు," అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"వచ్చే ఏడుకు నాకు మూడేండ్లు దాటుతయి సార్."

ఎలాంటి విసురూ లేకుండా, ఎండ ఎక్కువుందని చెప్పినట్టు చెప్పింది. ఆ సంగతి నాకు తెలియదని మీరు అనుకోవచ్చు. తెలుసు. ఆమె ఏ రోజున చేరిందో నాకు బాగా తెలుసు, చేరిక కాగితం మీద సంతకం పెట్టింది నేనే. బల్ల ముందు కూర్చుని వచ్చే ఏడాది అన్నప్పుడు కూడా తెలుసు. తెలిసే అన్నాను. అయ్యో, అవునా, అని అప్పుడే విన్నట్టు ముఖం పెట్టాను. ఆమె నా ముఖం చూసి, చూపు తిప్పుకుని, ఇద్దరి చాయ్ డబ్బులు తానే ఇచ్చి, వెళ్లి బస్సులో కూర్చుంది.

జూన్ వచ్చింది. నష్టానికి హామీ ఇచ్చే ప్రాజెక్టు లేదు కాబట్టి ఐదుగురు రైతులూ మార్కెట్ విత్తనమే వేశారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు, పెట్టుబడి వాళ్లది, కడుపు వాళ్లది. ఆమె తండ్రి తన అర ఎకరంలో ఎప్పటిలాగే ముంపు వడ్లు పోశాడు.

ఆ ఏడు గోదావరి గట్టిగా వచ్చింది. నీళ్లు పన్నెండు రోజులు నిలిచాయి. వరద తీసిన మూడో రోజున ఆమె నన్ను అంకిసకు రమ్మంది. ఎందుకు రమ్మందో ఇప్పటికీ తెలియదు, తిట్టడానికైతే కాదు. మోటార్ సైకిల్ మీద వెళ్లాను. ఐదుగురి చేలలోనూ పైరు నల్లగా కుళ్లి నేలకు అంటుకుపోయి ఉంది. మధ్యలో ఆ అర ఎకరం బురద పూసుకుని, పసుపుపచ్చగా, వంగి, కానీ బతికి ఉంది. మొదళ్ల దగ్గర కొత్త ఆకు వేస్తోంది. నా జీవితమంతా వృక్షశాస్త్రం చెప్పాను గానీ అంత స్పష్టమైన ప్రయోగం నేను ఎప్పుడూ చూడలేదు. దేవుడే ఐదు చేలలో మార్కెట్ విత్తనం, మధ్య చేనులో ముంపు వడ్లు వేసి చూపించినట్టుంది. కొలిచేవాళ్లు లేరు. నీళ్ల లోతు రాసుకున్నవాళ్లు లేరు. పక్కపక్కన రెండు రకాలూ వేసిన చేను ఒక్కటీ లేదు. ఆమె ఫోనులో ఫొటోలు తీసింది. ఫొటోలతో వ్యాసం కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఐదుగురిలో ఒకాయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేవలేదు.

"నువ్వు మా చేన్ల ముంపు వడ్లు ఏపిస్తనంటివి గద బిడ్డా," అన్నాడు. "ఏపిస్తే గిట్ల కాకపోవు."

ఆ మాట అందుకోవలసినవాడిని నేను, పక్కనే నిలబడ్డాను. ఆయన నాకు మాత్రం నమస్తే సార్ అన్నాడు. నేనూ నమస్తే అన్నాను.

తర్వాతి సంగతి ఇంకా చేదు. ఆ ఏడు చూసిన రైతులు మరుసటి ఏడు వచ్చి ఆమె తండ్రిని విత్తనం అడిగారు. ఆయన లేదనలేక ఉన్నదంతా పంచాడు. వాళ్లు పల్లమూ మిట్టా చూడకుండా అన్ని చేలలోనూ వేసుకున్నారు. ఆ ఏడు నది నిండలేదు. ముంపు లేని చోట ముంపు వడ్లు సగం పంట కూడా ఇవ్వవు. ఏ చేనులో వేయాలో, ఏ చేనులో వేయకూడదో తేల్చి చెప్పడానికే ఆమె ఆ ప్రాజెక్టు రాసింది. తేల్చలేదు కాబట్టి జనం తమకు తోచినట్టు చేశారు, నష్టపోయారు, ఆయనను ముఖం మీదే తిట్టారు. ఆ తర్వాత ఆ విత్తనం ఎవరూ అడగలేదు. ఆయన కూడా విసిగిపోయి ఆ అర ఎకరం అమ్మేశాడు.

ఆమె మళ్లీ ఏ అర్జీ రాయలేదు. నేనే రెండుసార్లు వేరే పథకాల కాగితాలు తీసుకెళ్లి ఇచ్చాను. "చూస్త సార్," అని సొరుగులో పెట్టింది. పాఠాలు మాత్రం శ్రద్ధగా చెప్పేది. నేను రిటైరైన రోజు సభలో ఆమె కూడా మాట్లాడింది. నా దగ్గర చదువుకోవడం అదృష్టమంది. నేను తల దించుకుని శాలువా సర్దుకున్నాను. హెడ్ క్లర్క్ వెనక వరుసలోంచి నన్నే చూస్తున్నాడు. ఆయన ఎవరికీ చెప్పలేదు, అందుకు ఆయనకు నేను రుణపడి ఉన్నాననుకోవాలో, లేదా చెప్పి ఉంటే నా పాపం కొంత తగ్గేదనుకోవాలో నాకు తోచలేదు.

కొత్తగా చేరిన మీకు ఒక మాట. మమ్మల్ని అడగకండి. ఎక్కడ పెట్టాలి సార్ అని మర్యాదకు కూడా అడగకండి. మీ పేరు రాసి, ముద్ర కోసం మాత్రమే మా దగ్గరికి రండి. మా ముఖాలు మాడతాయి, రెండు రోజులు మాట్లాడం, టైంటేబుల్‌లో మీకు మధ్యాహ్నం ఎండలో క్లాసులు వేస్తాం. అంతకంటే ఏమీ చేయలేం. మీరు మర్యాద పాటిస్తే మాత్రం మేం చాలా చేయగలం. చేశాను కాబట్టి చెబుతున్నాను.

రిటైరై రెండేళ్లయ్యాక, ఒక రోజు మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని ఆ కాగితం రాశాను. చంద్రపూర్‌లో రాయవలసినది. మరాఠీలో, ఆఫీసుకు రాసే పద్ధతిలో. ఈ ప్రాజెక్టు ఆలోచన, సమాచారం, శ్రమ అంతా ఫలానా మేడం గారివే, నా పేరు ముందు పెట్టడం నా తప్పు, అని రాశాను. రెండు వాక్యాలు చాలన్నాడు ఆ అధ్యక్షుడు. నాకు పేజీ నిండింది. సంతకం చేసి, తారీఖు వేసి, కాలేజీకి వెళ్లాను.

ఆమె ఇప్పుడు నా పాత గదిలో కూర్చుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది, కుర్చీ వేసింది, ప్యూన్‌ను చాయ్ తెమ్మంది. నేను కాగితం ఇచ్చాను. నిలబడే చదివింది. మొదటినుంచి చివరిదాకా, నా విద్యార్థిగా ఉన్నప్పుడు చదివినట్టే, తొందర లేకుండా చదివింది. ఏమంటుందోనని నేను ఎదురుచూశాను. ఏడుస్తుందేమోనని కూడా అనుకున్నాను. తిడితే బాగుండునని అనుకున్నాను.

"ఇప్పుడు దీన్ని ఏ ఫైల్ల పెట్టాలె సార్?" అని అడిగింది.

వెటకారం కాదు. వెటకారమైతే తట్టుకునేవాడిని. నిజంగానే అడిగింది, బీరువా వైపు ఒకసారి చూసి మరీ అడిగింది. ఆ ప్రాజెక్టుకు ఫైలు లేదు. మంజూరు కానిదానికి మా కాలేజీలో ఫైలు తెరవరు. ఆ నియమం నేను సమన్వయకర్తగా ఉన్నప్పుడు పెట్టిందే.

గంట కొట్టారు. "క్లాసున్నది సార్. మీరు చాయ్ తాగి పోండ్రి," అని కాగితాన్ని నా ముందు బల్ల మీద మెల్లగా పెట్టి, హాజరు పట్టీ తీసుకుని వెళ్లిపోయింది. చాయ్ వచ్చింది. తాగాను. లేచేటప్పుడు ఆ కాగితాన్ని అక్కడ వదలడానికి చేయి రాలేదు. మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.